కలె, కళ

రాయచూరులో నేను బ్యాంకుకు నడిచి వెళ్లే దారిలో ఒక చర్మవైద్యుల బోర్డు ఉంది. 'ముఖద కలెగళిగె చికిత్సె' అని కన్నడంలో పెద్ద పెద్ద అక్షరాలు. కన్నడం నేను ఒకటో తరగతి నుంచీ చదువుకున్నదే, అర్థం తెలియక కాదు. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడేవాడి బుద్ధి ఎప్పుడూ ఒక అడుగు పక్కకు వేస్తుంది. కన్నడంలో 'కలె' అంటే మచ్చ. సంగీతం, చిత్రలేఖనం లాంటి కళను కూడా 'కలె' అనే అంటారు. రెండింటికీ ఒకటే మాట, ఒకటే రాత. మనకేమో కళ అంటే విద్య ఒక్కటే కాదు, ముఖంలో ఉండే వెలుగు కూడా. 'పిల్ల ముఖంలో కళ ఉంది' అంటాం. ఆ బోర్డు చూసినప్పుడల్లా, ఉన్న కళను పోగొట్టడానికి కూడా వైద్యం చేస్తారన్నమాట అని నాలో నేను నవ్వుకునేవాణ్ణి. రెండేళ్ల కిందట ఒక సాయంత్రం మా అమ్మాయి వెనకాల ఆ బోర్డు కింద ఉన్న మెట్లెక్కాను. ఆ రోజు నవ్వు రాలేదు.

ముందు మా సంగతి రెండు ముక్కలు చెప్పాలి. మాది సింధనూరు తాలూకాలో ఒక క్యాంపు. తుంగభద్ర ఎడమ కాలువకు నీళ్లొచ్చాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ రేగడి భూములు కొని, చదును చేసుకుని, వరి మడులు కట్టుకున్నవాళ్లలో మా నాన్న ఒకరు. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరాను. మా అమ్మాయి కూడా నా దారే పట్టి ఎం.కాం. చేసి ఇక్కడే ఒక పి.యు. కాలేజీలో అకౌంటెన్సీ చెబుతోంది. ఇప్పుడు 27 నిండాయి. రెండు బుగ్గల మీదా, కణతల దగ్గరా మొటిమలు మిగిల్చి వెళ్లిన గుంటలున్నాయి.

మొటిమలు అందరికీ వస్తాయి, పోతాయి. నాకూ వచ్చాయి. మా అమ్మాయికి మాత్రం పోలేదు. ఎందుకు పోలేదో నాకు చాలాకాలం తెలియదు. తెలిశాక ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

2015లో పిల్ల పి.యు.సి. రెండో సంవత్సరం. మొటిమలు ఎక్కువయ్యాయని అద్దం ముందు కూర్చుని ఏడుస్తుంటే చూడలేక, బ్రాంచిలో ఒక సహోద్యోగి సలహా మీద మందుల షాపులో ఒక క్రీము ట్యూబు అడిగి తెచ్చాను. చీటీ ఎవరూ అడగలేదు. 80, 90 రూపాయలో ఏమో. పది రోజుల్లో ముఖం తేటపడింది. ఇంట్లో నన్ను ధన్వంతరిని చేశారు. ట్యూబు అయిపోతే ఇంకోటి, అది అయిపోతే మరోటి. అలా ఎనిమిది నెలలు. మానేసిన వారానికి ముఖమంతా ఎర్రబడి, మండి, ఇంతింత చీముపొక్కులు లేచేవి. మళ్లీ రాస్తే తగ్గేవి. దీనివల్లే తగ్గుతోంది అనుకున్నాం గానీ, దీనివల్లే లేస్తున్నాయి అనుకోలేదు. తర్వాత ఎప్పుడో పేపర్లో చదివితే తెలిసింది. ఆ రకం క్రీముల్లో స్టెరాయిడ్, చర్మం రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ మూడూ కలిసి ఉంటాయట. స్టెరాయిడ్ నాలుగు రోజులు వాపునీ ఎరుపునీ అణచిపెడుతుంది, ఈలోపు చర్మాన్ని పలచబరుస్తుంది, మొటిమల్ని లోపల మేపుతుంది. ఒంటికి రాసే స్టెరాయిడ్ మందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లో షెడ్యూల్ 'హెచ్'లో చేర్చింది. మా ఇంట్లో అప్పటికే మూడేళ్లు ఆలస్యమైంది.

ఆ పేపరు ముక్క కత్తిరించి ఆఫీసు డ్రాయర్లో అడుగున పెట్టుకున్నాను. ఇంటికి తేలేదు.

ఇక సంబంధాలు చూడ్డం మొదలయ్యాక గంగావతి వైపు నుంచి ఒకటి వచ్చింది. వాళ్లదీ క్యాంపు కుటుంబమే, మంచివాళ్లే. వచ్చారు, ఉప్మా కాఫీలు అయ్యాయి, వెళ్లారు. నాలుగు రోజుల తర్వాత మధ్యవర్తి ఫోను. "అంతా బావుందండీ. ముఖానికి ఏదన్నా వైద్యం చేయించమన్నారు, అంతే. ఇప్పుడు లేజర్లూ అవీ వచ్చాయి కదా." పెళ్లికొడుక్కి కూడా రెండు బుగ్గల మీదా గుంటలున్నాయి. అది వాళ్లకి గుర్తు రాలేదు సరే, నాకూ రాలేదు. మా ఆవిడే అంది, "ఆ అబ్బాయి ముఖం చూశారా అసలు?" అని. ఓం పురి ముఖాన్ని దేశమంతా ముప్ఫై నలభై ఏళ్లు తెరమీద చూసి మెచ్చుకుంది. అలాంటి ముఖంతో ఒక హీరోయిన్‌ని ఊహించండి చూద్దాం.

సరే, నేనేం చేశాను? బ్యాంకువాడు ఏం చేస్తాడో అదే చేశాను. బ్రాంచికి ఒక జనరేటరు కొనాలన్నా మేం మూడు కొటేషన్లు తెప్పించి, అడ్డంగీతలు నిలువుగీతలు గీసి తులనాత్మక పట్టిక తయారుచేసి, తక్కువ ధర వాడికి ఇస్తాం. అమ్మాయితో ఒక్క మాటైనా అనకుండా ఆదివారం కూర్చుని ఒక తెల్లకాగితం మీద పట్టిక వేశాను. ఫ్రాక్షనల్ సి.ఓ.టూ. లేజరు, మైక్రోనీడ్లింగు, కెమికల్ పీల్, పి.ఆర్.పి., ఫిల్లర్లు. ఒక్కోదానికి సిట్టింగులెన్ని, ఒక్కో సిట్టింగుకి ఎంత, ఎన్నాళ్లు సెలవు పెట్టాలి, రాయచూరా హైదరాబాదా. అన్ని గడులూ నింపాను. ఒక్క గడి మాత్రం లేదు. అది లేదన్న సంగతి తర్వాత తెలిసింది.

కొటేషను కోసం ఒక శనివారం కృష్ణ వంతెన దాటి, మక్తల్, మహబూబ్‌నగర్ మీదుగా హైదరాబాదు వెళ్లాను, వేరే పని ఉందని చెప్పి. పెద్ద క్లినిక్కు, చల్లటి గది. డాక్టరు కాదు, కౌన్సెలర్ అని ఒక అమ్మాయి కూర్చోబెట్టింది. నా కూతురి ఫొటో సెల్‌ఫోన్లో చూసి అరనిమిషంలో 'ఆరు సిట్టింగుల ప్యాకేజీ' అంది. లక్షా ఇరవై వేలు. ఈ రోజే కడితే లక్ష. చికిత్సకు ముందు, తర్వాత అని ఫొటోలు చూపించింది. బ్యాంకులో సంతకాలు పోల్చి పోల్చి అలవాటైన కన్ను కదా, నాకొకటి తట్టింది. 'ముందు' ఫొటోలన్నిటికీ వెలుతురు పక్కనుంచి పడుతోంది, 'తర్వాత' ఫొటోలకు ఎదురుగా. గుంట కనబడేది నీడవల్ల. పక్క వెలుతురులో సింధనూరు రోడ్డు కూడా చంద్రమండలంలా ఉంటుంది, నడినెత్తిన సూర్యుడుంటే నున్నగా ఉంటుంది. అంతటితో ఆగలేదు, 'సున్నా వడ్డీ వాయిదాలు' అంది. సున్నా శాతం వడ్డీ అనేది లేనే లేదనీ, దాన్ని ప్రాసెసింగు ఫీజుల్లో దాస్తున్నారనీ 2013లో రిజర్వు బ్యాంకు మా అందరికీ సర్క్యులరు పంపింది. పైగా అందం కోసం చేసే వైద్యానికి 18 శాతం జి.ఎస్.టి. మామూలు వైద్యానికి పన్ను లేదు గానీ సౌందర్య శస్త్రచికిత్సకి ఉంది. ఇన్సూరెన్సు ఎలాగూ ఇవ్వరు. ఇవన్నీ అడిగితే ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంది. ఆవిడ తప్పేముంది, ఆవిడకీ మాలాగే టార్గెట్లుంటాయి.

పట్టిక మా అమ్మాయి కంటపడింది. పడక ఎక్కడికి పోతుంది, దాన్ని తన పాత అకౌంట్సు పుస్తకంలోనే దాచాను, తెలివిగా.

"ఇది ఎవరికోసం నాన్నా, గంగావతి వాళ్లకోసమా?" అంది.

నేను మాట్లాడలేదు.

"వాళ్లకోసమైతే ఒక్క రూపాయి కూడా పెట్టనివ్వను. నీదీ, నాదీ కూడా." కాస్సేపాగి కాగితం మళ్లీ చదివింది. "స్టాఫ్‌రూమ్‌లో నేనెప్పుడూ కిటికీకి ఎదురుగా ఉన్న కుర్చీలోనే కూర్చుంటాను. ఇంకెవరన్నా కూర్చుంటే నిలబడతాను. వెలుతురు పక్కనుంచి పడకూడదని. పెళ్లికాకముందూ ఉంది ఈ బాధ, అయినా ఉంటుంది. చేయించుకుంటే దానికోసం చేయించుకుంటాను. నా జీతంతో. డాక్టరు ఎవరో నేను చూసుకుంటాను."

ఆవిడ చూసుకున్న డాక్టరమ్మే ఆ బోర్డు మెట్లమీద. కన్నడ మనిషి. నా పట్టిక కూడా తీసుకెళ్లాను. డాక్టరమ్మ దాన్ని శ్రద్ధగా చూసి, "సార్, మీరు పంట రుణానికీ ఇంటి రుణానికీ వడ్డీ ఒక్కటే చూసి పోలుస్తారా?" అని అడిగారు. దేనికి అప్పు అన్నది చూడకుండా ఎలా? అదే నా పట్టికలో లేని గడి. ఏ గుంటకి అన్నది.

అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి, గదిలో ట్యూబులైటు ఆర్పి, పక్కనుంచి ఒక దీపం వేశారు. అమ్మాయి భయపడే వెలుతురు అదే. తెల్ల పెన్సిలు తీసుకుని బుగ్గల మీద గుర్తులు పెట్టసాగారు. కొన్నిచోట్ల చుక్క, కొన్నిచోట్ల చిన్న చదరం, కొన్నిచోట్ల అల. కాస్సేపటికి పిల్ల ముఖం సర్వే నంబర్లు వేసిన పటంలా అయింది. నేను చూడలేక గోడమీది క్యాలెండరు వంక చూశాను.

చుక్క పెట్టినవి సూది గుచ్చినట్టు సన్నగా, లోతుగా దిగిన గుంటలు. ఐస్‌పిక్ అంటారు. చదరం పెట్టినవి అంచులు నిటారుగా, అడుగు చదునుగా ఉండేవి, రైలుపెట్టె పేరుమీద బాక్స్‌కార్ అని పేరు. అల గీసినవి రోలింగ్ రకం. వాటికి అంచుండదు, నేల మెత్తగా కిందికి జారినట్టుంటుంది. రోలింగు గుంటకి కారణం పైన లేదు, కింద ఉంది. చర్మం అడుగున నారపోగులు పుట్టి పైచర్మాన్ని కిందికి కట్టిపడేస్తాయి. ఆ పోగులు అలాగే ఉండగా పైన ఎంత లేజరు కొట్టినా పొలం కింద బండరాయి ఉంచి పైన నాగలి దున్నినట్టే. మత్తు ఇచ్చి, చర్మం కింద సూది అడ్డంగా పోనిచ్చి ఆ పోగులు తెంపాలి. దానికి సబ్‌సిషన్ అని పేరు పెట్టి 1995లో ప్రకటించినవాళ్లు న్యూయార్కులో ఓరెంట్రైక్ అనే తండ్రీకొడుకులు. ఆ తండ్రే అంతకు చాలాముందు బట్టతల మీద జుట్టు నాటడం మొదలుపెట్టి పేరు తెచ్చుకున్నాడు. మా క్యాంపులో వరినాట్లు ఎరుగుదును గానీ, ఈ నాట్లు నాకు కాస్త ముందే తెలిసి ఉంటే బాగుండేది.

సూదిగుంటల సంగతి వేరు. అవి ఎంత లోతంటే లేజరు వాటి అడుగుదాకా చేరదు. ఘాటైన ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లాన్ని పుల్లమొనతో ఒక్కొక్క గుంటలో మాత్రమే అద్దుతారు. చుట్టూ చర్మానికి తగలకూడదు. తెల్లగా మంచులా గడ్డకడుతుంది, చెక్కు కట్టి ఊడుతుంది, తర్వాత కొన్ని వారాలకు అడుగునుంచి కొత్త కండ పూడుకొస్తుంది. క్రాస్ పద్ధతి అంటారు, 2002లో కొరియా వైద్యులు ప్రకటించింది. మనలాంటి ముదురు రంగు చర్మాల మీద కూడా ఇది పనిచేస్తుందని ఢిల్లీ వైద్యులు 2011లో రాశారు. యంత్రం అక్కర్లేదు. ఒక పుల్ల, ఒక సీసా, స్థిరమైన చెయ్యి. నా పట్టికలో ఇది అసలు లేనే లేదు. హైదరాబాదు ప్యాకేజీలోనూ లేదు. పుల్లకి ప్యాకేజీ ఎవరు కడతారు?

మరి మైక్రోనీడ్లింగు, లేజరు? అవీ కావాలి, కానీ వాటి వంతు వచ్చినప్పుడు. సన్నసూదులతో చర్మాన్ని వేల చోట్ల పొడిస్తే, గాయం మానే పనిలో శరీరం కొత్త కొల్లాజెన్ నేస్తుంది, గుంట కొంత పైకి లేస్తుంది. 1997లో కెనడాలో కామిరాండ్ అనే సర్జను పచ్చబొట్టు పొడిచే మిషనునే రంగు పోయకుండా మచ్చల మీద వాడి ఫలితం చూశాడట. ఈ ముక్క మా అమ్మకి చెబితే ఎంతో సంతోషించింది. ఆవిడ చేతిమీద పచ్చబొట్టు పొడిపించుకున్న మనిషి. డాక్టరమ్మ ఒక హెచ్చరిక కూడా చేశారు. ఇంట్లో వాడుకోమని అమ్మే సూదుల రోలర్లు కొనొద్దని. గుంటను లేపేటంత లోతు దిగవు, దిగితే చీము పట్టించుకోవడమే.

లేజరంటే అందరికీ ఉండే నమ్మకం నాకూ ఉండేది. పేరులోనే వెలుతురుంది కదా. వెనకటి లేజరు చర్మం పై పొరనంతా ఒలిచేసేది. 2004లో బోస్టను వైద్యులు మాన్‌స్టైన్, ఆండర్సన్ వేరే దారి తీశారు. జల్లెడలా సన్నసన్న చోట్ల మాత్రమే కాల్చి మధ్యలో మంచి చర్మం వదిలేస్తే, ఆ వదిలిన చర్మమే చుట్టూ గాయాన్ని త్వరగా మాన్పుతుంది. ఫ్రాక్షనల్ అంటే అదే. గట్టి సాధనమే, ముఖ్యంగా బాక్స్‌కార్ గుంటలకి. కానీ మన చర్మానికి ఒక జబ్బుంది. ఏ చిన్న గాయమైనా, వేడైనా తగిలిందంటే నల్లబడుతుంది. ఫిట్జ్‌పాట్రిక్ అనే అమెరికా వైద్యుడు 1975లో చర్మాన్ని ఎండకి ఎలా స్పందిస్తుందో దాన్నిబట్టి తరగతులు చేశాడు. మొదట నాలుగే, అన్నీ తెల్లతోలువే. గోధుమరంగు, నలుపు చర్మాలకు ఐదు, ఆరు తరగతులు తర్వాత కలిపారు. మా అమ్మాయిది ఐదో తరగతి. 'గుంట తగ్గి, నల్లమచ్చ మిగిలితే ఏం చేస్తారు?' అని డాక్టరమ్మ ప్రశ్న. అందుకని మన చర్మానికి లేజరు పెట్టినా తక్కువ శక్తితో, ఎక్కువ ఎడంతో పెట్టాలంటారు. సూదుల చికిత్సలో వేడి లేదు గనుక నల్లబడే భయం తక్కువ. మనిషి రక్తంలోంచే తీసి రాసే పి.ఆర్.పి. సూదులకి కాస్త తోడు, ఒంటరిగా పెద్ద పని చేయదు. ఫిల్లరు గుంటను వెంటనే లేపుతుంది, కొన్ని నెలలకో ఏడాదికో కరిగిపోతుంది. పూర్వం తిరిగే చక్రంతో చర్మం అరగదీసే డెర్మాబ్రేషన్ ఉండేది. మన రంగువాళ్లకి అదంటే డాక్టర్లే జంకుతున్నారు.

ఇవన్నీ విన్నాక నేను అడిగింది ఒక్కటే. "ఎంత శాతం పోతాయి?"

"సగం తగ్గితే బాగా తగ్గినట్టు. అంతకంటే ఎక్కువ తగ్గితే అదృష్టం. అన్నీ పోతాయని ఎవరన్నా అంటే అక్కడ్నుంచి లేచి రండి." డాక్టరమ్మ అమ్మాయి వైపు తిరిగి అన్నారు. నా వైపు కాదు. "అదీ ఏడాదిన్నర పడుతుంది. ముందు ఇప్పుడు వస్తున్న మొటిమలు పూర్తిగా ఆగాలి."

అప్పుడే అడిగారు, పాత మందుల గురించి. "క్రీములేమైనా వాడారా? స్టెరాయిడ్ వాడిన చర్మంలా ఉంది."

అమ్మాయి నోరు తెరవకముందే నేను చెప్పేశాను. కన్నడంలోనే చెప్పాను. తెలుగులో అయితే చెప్పగలిగేవాణ్ణి కాదేమో. ట్యూబు పేరు, ఎనిమిది నెలలు, తెచ్చింది నేనేనని. డాక్టరమ్మ ఏమీ అనలేదు, రాసుకున్నారు. రోజుకి ఇలాంటి తండ్రుల్ని ఎంతమందిని చూస్తారో. మెట్లు దిగి కిందికి వచ్చాక, స్కూటరు తీస్తూ అమ్మాయి అంది.

"నాకు తెలుసు నాన్నా. డిగ్రీలో ఉండగానే చదివాను."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే ఏం లాభం? నువ్వు రెండు రోజులు అన్నం మానేస్తావు. అమ్మ నీమీద అరిచినట్టు నామీద అరుస్తుంది."

ఇంటిదాకా ఇంకేం మాట్లాడలేదు. నాలుగేళ్లు ఆఫీసు డ్రాయర్లో నేను దాచిన కాగితం, ఆ పిల్ల తన దగ్గరే దాచుకుంది. ఒక లెక్క రెండు పుస్తకాల్లో విడివిడిగా రాసుకుని ఇద్దరం పోల్చి చూసుకోలేదు.

మొటిమలు ఆపడానికి ఐసోట్రెటినాయిన్ మాత్రలు ఆరునెలలు వాడింది. మధ్యలో రక్తపరీక్షలు. ఆ మాత్ర వాడుతున్నన్నాళ్లూ, ఆపాక కూడా నెలరోజుల వరకూ గర్భం రాకూడదు, వస్తే బిడ్డకు ఘోరమైన లోపాలు రావచ్చు. డాక్టరమ్మ ఈ మాట పెళ్లికాని పిల్లకే సూటిగా చెప్పి కాగితం మీద సంతకం తీసుకున్నారు. మా ఆవిడ మాత్రం ఆ కాగితం ఎవరికంటా పడకుండా బీరువాలో చీరల కింద పెట్టింది. మా ఇంట్లో అందరికీ దాచే జబ్బుంది.

చికిత్స నవంబరులో మొదలైంది. మన రాయచూరు ఎండలో ఇలాంటివి వేసవిలో పెట్టుకోకూడదు. మొదట సబ్‌సిషన్. బుగ్గలు రెండూ కమిలి వారంరోజులు చూడలేకపోయాం. కాలేజీకి దసరా సెలవులు అయిపోయాయి కదా, మాస్కు పెట్టుకుని వెళ్లింది. కరోనా మిగిల్చిన ఉపకారం ఒక్కటే, మాస్కు పెట్టుకుంటే ఎవరూ ఎందుకని అడగరు. తర్వాత పుల్లతో ఆమ్లం, రెండు నెలల ఎడంతో మూడుసార్లు. ఆ మధ్య మధ్య సూదుల చికిత్స. లేజరు రెండో చలికాలంలో రెండేసార్లు, అదీ కొద్దిచోట్ల. మొత్తం ఖర్చు హైదరాబాదు వాళ్లు చెప్పినదానిలో సగానికి దగ్గరగా వచ్చింది. ప్రతి రసీదూ అమ్మాయే ఒక ఫైల్లో పెట్టుకుంది. నన్ను ముట్టుకోనివ్వలేదు. ఒక్కసారి నల్లబడింది, రెండోసారి ఆమ్లం పెట్టాక. మూడు నెలలు పట్టింది ఆ నలుపు పోవడానికి. ఆ మూడు నెలలూ నేను ఆ బోర్డు ఉన్న రోడ్డు మాని ఇంకో రోడ్డున బ్యాంకుకు వెళ్లాను. ఎందుకో చెప్పలేను. అమ్మాయి మాత్రం ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండుకీ సన్‌స్క్రీను రాసుకుని స్కూటరు మీద తన దారిన తాను పోయేది.

ఇంతకీ మా అమ్మ సంగతి చెప్పలేదు. ఆవిడకి ఎనభై దగ్గరపడ్డాయి. చిన్నప్పుడు అమ్మవారు పోసి బతికి బయటపడ్డ మనిషి. ముఖమంతా గుంటలే. కన్నడంవాళ్లు సిడుబు అంటారు, మన పుస్తకాల్లో మశూచి. ఈ దేశంలో ఆఖరి కేసు 1975 మే నెలలో, అస్సాంలో. 1977లో దేశం దాన్నుంచి విముక్తమైందని తేల్చారు. మా అమ్మలాంటి ముఖాలు ఈ తరంతో ఆఖరు. డాక్టరమ్మ చెప్పిన మాట ఒకటి నాకు వింతగా తోచింది. మశూచి ముఖం మీదే అంత లోతుగా గుంటలు పెట్టడానికి కారణం, చర్మంలో నూనె ఊరే గ్రంథుల్ని అది నాశనం చెయ్యడమట. మొటిమ పుట్టేదీ ఆ గ్రంథి దగ్గరే. నాన్నమ్మకీ మనవరాలికీ వేర్వేరు జబ్బులు ఒకే చోట దెబ్బతీశాయి.

మా అమ్మని అడిగితే ఎప్పుడూ ఒకటే అంటుంది. "మా రోజుల్లో ఊళ్లో సగం ముఖాలు ఇలాగే ఉండేవిరా. ఎవరు ఎవర్ని చూస్తారు? ముఖం చూసి వండుకు తింటారా?" చిన్నప్పట్నుంచీ ఈ మాట విని, వెనకటివాళ్ల మనసులు గొప్పవి అని నలుగురిలో చెప్పుకుంటూ వచ్చాను. ఇలాంటి ఒకటి రెండు వ్యాసాల్లో కూడా రాసిన గుర్తు. ఈ చికిత్స రోజుల్లో ఒకసారి పాత ఫొటోలు వెతికితే, నలభై ఏళ్ల ఆల్బములో మా అమ్మ ఫొటోలు అయిదారుకి మించి లేవు. అన్నిటిలోనూ ముఖం కొంచెం పక్కకి తిరిగి ఉంది, లేకపోతే కొంగు బుగ్గ మీదుగా ఉంది. మా పెళ్లి ఫొటోలో కూడా. ఎవరూ చూడరన్న మనిషి అంత జాగ్రత్త ఎందుకు పడింది? నేను ఆ ఆల్బము ఎన్నిసార్లు తిరగేసి ఉంటాను. ఆవిడ కూడా కిటికీకి ఎదురుగా ఉన్న కుర్చీ వెతుక్కుంటూనే బతికింది. ఆవిడకి చేయించే వైద్యమూ లేదు, అడిగే వీలూ లేదు. దాన్ని నేను గొప్పతనం కింద జమ వేసుకున్నాను.

గంగావతి సంబంధం సంగతి అడుగుతారేమో. వాళ్లు ఏడాది తర్వాత మళ్లీ కబురు చేశారు, వైద్యం ఎంతవరకు వచ్చిందని. మా ఆవిడే ఫోను తీసింది. ఏం చెప్పిందో నాకు చెప్పలేదు. మళ్లీ ఫోను రాలేదు. ఇంకా ఒకటి రెండు చూస్తున్నాం. అమ్మాయి ఇప్పుడు పంపే ఫొటోలకి ఒకే షరతు పెట్టింది, పక్కవెలుతురులో తీసినది పంపాలని. మా ఆవిడకిది నచ్చలేదు. నాకూ అంతగా నచ్చలేదు, కానీ పంపుతున్నాం.

మొన్న సంక్రాంతికి క్యాంపుకు వెళ్లాం. మా అమ్మకి శుక్లాలు, చూపు సరిగా ఆనదు. మనవరాలిని దగ్గర కూర్చోబెట్టుకుని బుగ్గమీద వేలితో తడిమింది. "ఇక్కడ పూడింది. ఇదిగో, ఇక్కడ ఇంకా ఉంది. ఇది బాగా లోతే." డాక్టరమ్మ పెన్సిలుతో గుర్తుపెట్టిన చోట్లన్నీ ఒక్కటి వదలకుండా చెప్పింది. అమ్మాయి నవ్వి సెల్‌ఫోను తీసి, ఇద్దరికీ ఫొటో తీసుకుందాం అంది. అమ్మ కొంగు సవరించుకుని, అలవాటు ప్రకారం కొంచెం పక్కకు తిరిగింది.

"ఇటు తిరుగు నాన్నమ్మా."

"తిరిగాను కదే."

"ఇంకొంచెం."

వాకిట్లో ఎండ ముదురుతోంది, సన్‌స్క్రీను ఇంట్లో మరిచిపోయి వచ్చామని మా ఆవిడ లోపల్నుంచి కేకలేస్తోంది. ఫొటో ఎలా వచ్చిందో నేను చూడలేదు. కాలువ గట్టు దగ్గర మా తమ్ముడు కోత మిషనువాడితో బేరమాడుతున్నాడంటే అటు వెళ్లాను.